వణుకుకు మేం పెట్టిన పేరు

కర్నూలు డాక్టరు రాసిచ్చిన పాత చీటీ ఒకటి ఇప్పటికీ వాళ్ళింట్లో, గోడ మేకుకు తగిలించిన గుడ్డసంచిలో ఉంది. పైన పేరు, దాని కింద వయసు, ఊరు, ఆ తర్వాత వృత్తి. వృత్తి అన్నచోట డాక్టరు మొదట రాసింది ‘సేద్యం’ అని. ఆ మాట రోగి నోటి నుంచి వచ్చింది కాదు. పక్క కుర్చీలో కూర్చున్న నేను చెప్పింది. పనివాణ్ణి సొంత కారులో కర్నూలు దాకా తీసుకుపోయి చూపించినాడని ఊళ్ళో ఇప్పటికీ నన్ను మెచ్చుకునేవాళ్ళున్నారు. ఆ ప్రయాణం నిజమే. మిగతాది నేను చెప్పుకోవాలి.

రోగి నాకు మామ. మాది కమలాపురం దగ్గర, పాపాఘ్ని ఒడ్డున ఒక పల్లె. వాళ్ళు దూదేకుల వాళ్ళు, మాది సేద్యం చేసుకునే ఇల్లు. మా పల్లెలో వావివరసలకు కులమూ మతమూ అడ్డం వచ్చేవి కావు. మా నాయన ఆయన్ను ‘బామ్మర్దీ’ అని పిలిచేవాడు కాబట్టి నాకు మామ అయ్యాడు, ఆయన భార్య అత్త అయింది. వాళ్ళ కొడుకు నాకు బామ్మర్ది, కనబడితే ఏదో ఒక ఎకసెక్కం ఆడకుండా వదలని వరస. మామ నాకన్నా పదేళ్ళు పెద్ద. చిన్నప్పుడు నన్ను భుజం మీద ఎక్కించుకొని ఏట్లోకి తీసుకుపోయేవాడు. నీళ్ళు లేని ఏరే అయినా, ఇసుకలో ఒక చోట చెలమ తవ్వి, ఊట వచ్చేదాకా ఇద్దరం చూస్తూ కూర్చునేవాళ్ళం.

వాళ్ళది పీరును ఎత్తే ఇల్లు. మొహర్రం నెలలో పీర్ల చావిడి తలుపులు తీసి, కర్రలకు బిగించిన ఇత్తడి హస్తాలకు పట్టుగుడ్డలు చుట్టి, చిన్న గంటలు కట్టి నిలబెడతారు. వాటిలో పెద్ద పీరును ఎత్తే హక్కు తాతల నాటి నుంచి ఆ ఇంటిదే. ఎత్తినవాడి ఒళ్ళు వణుకుతుంది. మొదట వేళ్ళు, తర్వాత మోచేతులు, ఆ తర్వాత పట్టుగుడ్డల అంచులు కదిలి గంటలు మోగుతాయి. దాన్ని మేము సవారి అంటాం. మనిషి పీరును మోస్తున్నట్టు కనబడుతుంది గానీ, పీరే మనిషినెక్కి సవారీ చేస్తోందని మా నమ్మకం.

మామ వాళ్ళ నాయనకు ముసలితనంలో ఆ సవారి దిగలేదు. పండుగ అయిపోయి, పీర్లను పెట్టెలో పెట్టేసినాక కూడా చేతులు వణుకుతూనే ఉండేవి. చెంబు నోటిదాకా వచ్చేలోపు సగం నీళ్ళు చొక్కా మీద పడేవి. జబ్బు అని ఒక్కరూ అనలేదు. ఆయనను వదిలిపోవడానికి పీరుకు మనసొప్పలేదన్నారు. పసిపిల్లలకు జ్వరమొస్తే ఎత్తుకొచ్చి ఆయన చేతి కింద తల పెట్టించేవారు. నన్నూ పెట్టించారు. ఆ చెయ్యి నాకింకా గుర్తుంది. పావురాన్ని పట్టుకుంటే దాని గుండె అరచేతికి తగులుతుందే, అట్లా నా నెత్తి మీద ఏదో చిన్నగా, ఆగకుండా కొట్టుకునేది. నాకు నిద్ర ముంచుకొచ్చేది. జ్వరం తగ్గిందో లేదో గుర్తులేదు. అంత చల్లని నిద్ర మాత్రం మళ్ళీ ఎప్పుడూ పోలేదు.

బోర్లు ఎండిపోయినాక నేను సేద్యం వదిలేసి, కమలాపురం నుంచి ఎర్రగుంట్లకు పోయే దోవలో వెల్డింగ్ షెడ్డు పెట్టాను. ఆ చుట్టుపక్కలంతా రాతి పని. కంకర క్రషర్లలో రాయిని నమిలే ఇనుప దవడలు కొన్నాళ్ళకే అరిగిపోతాయి. అరిగినచోట మాంగనీసు కలిసిన రాడ్డుతో మళ్ళీ లోహం పేర్చి, దవడకు పళ్ళు కట్టినట్టు కట్టి పంపడం మా పని. మామ అప్పటికే ఆ పనిలో పేరున్నవాడు. నేను అడగ్గానే వచ్చేశాడు. అల్లుని షెడ్డు ఉండగా పరాయివాని దగ్గర తనకేం పని అన్నాడు.

ఆ షెడ్డు నాకు ఇప్పటికీ కలలో వస్తుంది. కలలో అది ఎప్పుడూ అందంగానే ఉంటుంది. రేకులకు పాత మేకుల బొక్కలుండేవి. లోపల రాడ్డు అంటుకోగానే ఆ బొక్కలన్నిటి నుంచీ నీలం వెలుగు సూదుల్లా బయటికి వచ్చేది. ఎర్రటి ఎండలో రోడ్డు మీద నిలబడి చూసినా ఆ గోడ మీద చుక్కలు పొడిచినట్టుండేది. లోపల పొగ నడుమెత్తున నిలిచి, ఎటు పోవాలో తెలియనట్టు మెల్లగా తిరుగుతూ ఉండేది. ముసుగు పట్టుకొని అందులో వంగి కూర్చున్న మామ, మబ్బులో కూర్చొని ఏదో కుట్టుకుంటున్న మనిషిలా కనబడేవాడు. నేను గుమ్మంలో నిలబడి చాలాసేపు చూసేవాణ్ణి. అంత అందమైనది మనిషికి చేటు చేస్తుందని కళ్ళు ఒప్పుకోవు.

మొదట్లో వెనక గోడకు పెద్ద ఫ్యాను ఉండేది. పొగను లాగి బయటికి కొట్టేది. షెడ్డు వెనక ఒక రైతు పసుపు ఉడకబెట్టి కళ్ళంలో ఆరబోసేవాడు. ఒకరోజు ఆయన కండువాలో పసుపుకొమ్ములు తెచ్చి నా బల్ల మీద పోశాడు. వాటి మీద సన్నటి నల్లపొడి.

“మీ పొగ నా పసుపు మీద వాలతాండాదప్పా. దీన్ని యాపారికి యాడ చూపీల?” అన్నాడు.

న్యాయమే అనిపించింది. ఆ సాయంత్రమే ఫ్యాను పీకించి, ఆ కంతకు రేకు కొట్టించాను. మేకులు నేనే కొట్టాను. నలుపు పసుపు మీద పడితే నష్టమని అందరికీ అర్థమైంది. రేకు కొట్టినాక ఆ నలుపు ఎక్కడికి పోతుందని ఎవరూ అడగలేదు.

నేను తెలియక చేశానని అనుకోవద్దు. రాడ్ల పెట్టెలో ఒక మడత కాగితం వచ్చేది. ఇంగ్లీషులో ఉండేది. షెడ్డులో ఇంగ్లీషు చదవగలిగింది నేనొక్కణ్ణే. గాలి ఆడని చోట వాడొద్దని, ఏళ్ళ తరబడి ఈ పొగ పీలిస్తే నరాలకు, మెదడుకు చేటని అందులో ఉంది. చదివాను. మడిచి సొరుగులో పెట్టాను. దాని బదులు సాయంత్రం పని దిగేటప్పుడు ఒక్కొక్కరికి ఇంత బెల్లం ముక్క పెట్టేవాణ్ణి. బెల్లం తింటే గొంతులోని దుమ్మూ పొగా కిందికి జారిపోతాయని మా వైపు అందరి నమ్మకం. నల్లగా, తడిగా ఉండే మంచి బెల్లం కడప నుంచి తెప్పించేవాణ్ణి. అది పంచుతున్నంతసేపూ నాకు నేను ధర్మాత్ముడిగానే కనబడేవాణ్ణి.

ఐదారేళ్ళు గడిచాయి. మొదట మారింది మామ రాత. దవడ ప్లేటు ఎంత అరిగిందో కొలిచి, సుద్దముక్కతో దాని మీదే అంకెలు వేయడం ఆయన అలవాటు. జానెడంత ఉండే అంకెలు బెత్తెడయ్యాయి, తర్వాత వేలెడు. ఒకే వరసలో కూడా మొదటి అంకె కన్నా చివరిది చిన్నగా, ఎవరో దూరం నడిచిపోతున్నట్టు తగ్గిపోయేది.

“ఏం మామా, ప్లేటు మీద చీమలు మేపుతాండావా?” అన్నాను ఒకరోజు.

“సుద్దముక్కకు కరువొచ్చినాదిలే అల్లుడూ,” అన్నాడు.

తర్వాత నడక మారింది. మడమలు ఆనించకుండా, మునివేళ్ళ మీద, కోడిపుంజు నడిచినట్టు నడిచేవాడు. తోటి వెల్డర్లు ముగ్గురూ మామను పందేనికి దించాలని నవ్వేవాళ్ళు. మామ నవ్వేవాడు కాదు. కోపమొచ్చిందేమో అనుకున్నాం. నవ్వు లోపలే ఉందని, ముఖం దాకా రావడం మానేసిందని చాలాకాలానికి గానీ నాకు తెలియలేదు.

ఆ యేడు పీర్ల పండుగలో మామ పెద్ద పీరును ఎత్తగానే గంటలు ఎప్పుడూ లేనంతగా మోగాయి. పట్టుగుడ్డలు గాలి లేకుండానే ఎగిరాయి. జనం కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. పండుగ పోయినాక కూడా ఆయన చేతుల్లో వణుకు ఆగలేదు. తండ్రి సవారి కొడుకుకు వచ్చిందన్నారు. ఆ ఇంటి నెత్తురులోనే పీరు ఉందన్నారు. కొన్నాళ్ళకు తల్లులు జ్వరం బిడ్డలను ఎత్తుకొని నేరుగా షెడ్డు దగ్గరికే రావడం మొదలుపెట్టారు. అన్నం వేళ మామ ముసుగు దించి, మసి చేతులు కడుక్కొని, బిడ్డల నెత్తి మీద చెయ్యి పెట్టేవాడు. వెనక పొగ ఇంకా తిరుగుతూ ఉండేది. ఆ తల్లులు కూర్చోవడానికి గేటు దగ్గర నేను ఒక బల్ల కూడా వేయించాను.

వణుకుకు ఊరు పెట్టిన ఆ పేరు నాకు బాగా అనుకూలించింది. సవారి అన్నంతకాలం సొరుగులోని కాగితం గురించి ఎవరూ అడగరు. పైగా అదే పొగలో పనిచేసిన మిగతా ముగ్గురికీ ఏమీ కాలేదు. పొగదే తప్పయితే వాళ్ళకెందుకు రాలేదని నాలో నేను వాదించుకునేవాణ్ణి. ఆ వాదనలో ప్రతిసారీ నేనే గెలిచేవాణ్ణి.

నమ్మనిది అత్త ఒక్కతే. ఆమె మాట ఎప్పుడూ కొంచెం వంకరగా ఉంటుంది.

“మా మామకు డెబ్బై దాటినాక వచ్చినాది సవారి. ఈయప్పకు యాభై ఇప్పుడే నిండినాయి,” అందొక రోజు షెడ్డుకు వచ్చి. “పీరుకు అంత ఆత్రం యాలప్పా? ఒకసారి డాక్టరుకు చూపీ.”

కర్నూలులో నరాల డాక్టరు ఒకాయన మంచివాడని ఎవరో చెబితే ముగ్గురం కారులో బయలుదేరాం. పన్నెండేళ్ళ కిందటి మాట. ఆళ్ళగడ్డ దాటేదాకా నల్లమల కొండలు కుడివైపున మాతోనే వస్తున్నట్టు వచ్చాయి. మామ నా పక్క సీట్లో నిద్రపోయాడు. గాఢనిద్రలో చెయ్యి వణకడం ఆగిపోయింది. అది నేను చూశాను. నిద్రలో దిగిపోయే సవారి ఏమిటని ఒక్క క్షణం అనిపించి, రోడ్డు మీదికి చూపు తిప్పేశాను. ఓర్వకల్లు దగ్గర రాళ్ళ మీద ఎండ పడి, కొండంతా ఇప్పుడే కరిగించి పోసినట్టు మెరుస్తోంది. మామ లేచి చూసి, ఆ రాయిని నమలాలంటే ఏ దవడా చాలదని మెల్లగా అన్నాడు. పని ధ్యాస నిద్రలో కూడా వదలని మనిషి.

డాక్టరు గదిలోకి రోగితో ఒక్కరే రావాలన్నారు. అత్త బయట బల్ల మీద కూర్చుంది. నేను లోపలికి పోయాను. డాక్టరు మామ చేతులు చాపించాడు, నడిపించాడు, ఒక వాక్యం రాయించాడు. అక్షరాలు చివరికి పోయేసరికి ఆవగింజలయ్యాయి. ఆయన తలెత్తి, “ఏం పని చేస్తారు?” అని అడిగాడు.

మామ పెదవులు విడివడడానికి కొంచెం సేపు పట్టేది అప్పటికే. ఆ సందులో నేను చెప్పాను.

“సేద్యం సార్. వాళ్ళ నాయనకూ ఇట్లనే ఉండె.”

పూర్తి అబద్ధం కూడా కాదు. మామకు రెండెకరాల మెట్ట ఉంది. అందుకే ఆ మాట గొంతుకు అడ్డం పడకుండా జారిపోయింది. వెల్డింగ్ అంటే ఏ రాడ్డు అంటాడు, షెడ్డుకు గాలి ఆడుతుందా అంటాడు, ఎవరో వచ్చి చూస్తారు, తాళం పడుతుంది. ఇదంతా ఆ ఒక్క క్షణంలోనే నా తలలో తిరిగింది. మామ నా వైపు ఒకసారి చూశాడు. కళ్ళు దించుకున్నాడు. డాక్టరు ‘సేద్యం’ అని రాసుకొని, తండ్రికీ ఉండేదని దాని కింద రాసుకొని, ఇది ఇంటి రక్తంలో వచ్చే వణుకు జబ్బు కావచ్చన్నాడు. మాత్రలు రాసిచ్చాడు.

బయట అత్త అడిగింది. “ఇంటి జబ్బేనంట అత్తా,” అన్నాను. ఆమె చీటీని నాలుగు మడతలు పెట్టి రవికలో దాచుకుంది.

మరుసటి వారం మామ మళ్ళీ షెడ్డుకు వచ్చాడు. మాత్రలు పెద్దగా పనిచేయలేదు. అయినా వచ్చాడు. రెండేళ్ళ ఏడు నెలలు వచ్చాడు. ఒకరోజు ప్లేటు దగ్గర నుంచి వెనక్కి ఒక అడుగు వేయబోయి, నరికిన దుంగలాగ వెల్లకిలా పడ్డాడు. తల పగల్లేదు గానీ ఆ తర్వాత రాడ్డు బిగించే హోల్డరు పట్టుకోలేదు. ఆ మరుసటేడు నేను షెడ్డును ఎర్రగుంట్ల ఆయనకు అమ్మేసి, చీనీ బత్తాయి తోటలకు డ్రిప్ పైపులు అమ్మే అంగడి పెట్టుకున్నాను. మామ దగ్గర పని నేర్చుకున్న మా బామ్మర్ది మాత్రం షెడ్డుతో పాటే కొత్త యజమాని దగ్గర ఉండిపోయాడు. అవే దవడలు, అదే రాడ్డు, అదే మూల. నేను ఆ దోవన పోయినప్పుడల్లా రేకుల్లో నీలం చుక్కలు కనబడేవి. కారు అద్దం ఎత్తుకొని పోయేవాణ్ణి.

శుక్రవారం శుక్రవారం మామను చూడడానికి పోవడం మానలేదు. పోయినేడు ఒక శుక్రవారం పోయేసరికి అత్త ఆయనకు చెంచాతో రాగిజావ తాపుతోంది. మామ కళ్ళతోనే నన్ను కూర్చోమన్నాడు.

“మీ బామ్మర్దికీ సవారి తగులుకున్న్యట్టుండాదప్పా,” అంది అత్త. “నిన్న పనిలోనించి వచ్చి చెంబు పట్టుకుంటే నీళ్ళు కదుల్తాండాయి. తాతకు డెబ్బై, నాయనకు యాభై, వీనికి ముప్పై. రానురాను ఉయ్యాలలో బిడ్డకే వస్తాదేమో.”

ఆమె నవ్వుతూనే అంది. కోడలు నెల తప్పిందని అంతకు ముందు వారమే చెప్పింది.

నేను అక్కడి నుంచి నేరుగా షెడ్డుకు పోయాను. కొత్త యజమాని అన్నానికి పోయినాడు. వెనక గోడ రేకు అట్లే ఉంది. నేను కొట్టిన మేకుల చుట్టూ తుప్పు పువ్వులా విచ్చుకుంది. రేకు వెనక పసుపు కళ్ళం లేదు, ప్లాట్లు వేసి రాళ్ళు నాటారు. ఎవరి పసుపు కోసం మూశానో ఆ పసుపు కూడా పోయి ఎన్నేళ్ళయిందో. లోపల మా బామ్మర్ది ప్లేటు మీద సుద్దముక్కతో అంకెలు వేస్తున్నాడు. నేను పోయి చూశాను. చిన్నగా ఉన్నాయి.

మరుసటి రోజు పొద్దున వాళ్ళింటికి పోయి, మామనూ అత్తనూ బామ్మర్దినీ కూర్చోబెట్టి చెప్పాను. పెట్టెలో వచ్చిన కాగితం సంగతి, రేకు సంగతి, డాక్టరు గదిలో నేనన్న మాట. వణుకు వాళ్ళ నెత్తురులో ఉంటే ఉండవచ్చని, దాన్ని ముసలితనం దాకా ఆగనీయకుండా ముందే లేపింది నా షెడ్డు పొగేనని నేను అనుకుంటున్నానని చెప్పాను. ముందు రాత్రి ఎన్ని మాటలు కూర్చుకున్నానో, అక్కడ సగం కూడా రాలేదు.

అత్త జావ తాపుతున్న చెంచా గిన్నెలో పెట్టేసింది.

“కర్నూలుకు పొయ్యిన పొద్దు నుంచి ఈయప్ప పడిపొయ్యేదాకా ఎన్నాళ్ళు పని చేసినాడు?” అంది.

“రెండేండ్ల ఏడు నెల్లు.”

మామ ఏదో అంటున్నాడని అర్థమై ముగ్గురం వంగాం. ఆయన గొంతు అప్పటికి ఊపిరంతే మిగిలింది.

“నువ్వు సేద్యమన్న్యప్పుడు నేనూ ఊకుంటి గదా అల్లుడూ,” అన్నాడు.

నా బరువు దించడానికే అన్నాడు. ఆ మాట పట్టుకొని బయటపడాలని నాకు ఎంత ఆశగా ఉండిందో దాచను. కానీ ఆయన ఊరుకున్నది పని పోతుందని. కాగితంలో ఏముందో ఆయనకు తెలియదు, నాకు తెలుసు. ఆ రెండు మౌనాలూ ఒకటి కావు.

మా బామ్మర్ది తన అరచేతులు చూసుకుంటున్నాడు. “పుట్టి బుద్దెరిగినప్పటి నుంచి నన్ను ఎగతాళి పట్టిస్తాండావు గదా బావా,” అన్నాడు. “అన్నీ అంటివి. ఇదొక్కటి అనకపోతివి.”

అత్త లేచి సంచిలోంచి పాత చీటీ తీసింది. “వాన్ని ఈ పొద్దే కర్నూలుకు తీస్కపోవాల,” అంది. తర్వాత నా ముఖం చూడకుండా, “బండి తెస్తారా సార్?” అంది.

నలభై ఏళ్ళుగా అప్పా అని, అల్లుడూ అని, కోపమొస్తే ఒరే అని పిలిచిన నోరు అది. ఆ రోజు నుంచి నేను ఆమెకు సార్‌నే.

అదే డాక్టరు. జుట్టు తెల్లబడింది. కొడుకు చేతులు చాపించి చూసి, ఏం పని అని అడిగాడు. ఈసారి అత్త కూడా లోపలే ఉంది. ఇద్దరూ నా వైపు చూశారు. చెప్పాల్సింది నేనే అన్నట్టు చూశారు.

“వెల్డింగ్ సార్. మాంగనీసు రాడ్డు, మూసిన షెడ్డు. వీళ్ళ నాయనదీ అదే పని. అప్పుడు మీకు సేద్యమని చెప్పింది నేనే.”

డాక్టరు పాత చీటీ తీసుకొని చాలాసేపు చూశాడు. పెన్ను తీసి, ‘సేద్యం’ మీద ఒక గీత గీసి, పైన ‘వెల్డింగ్’ అని రాసి, తారీకు వేశాడు. తర్వాత అత్తతో, నాతో కాదు, మాట్లాడాడు.

“మాది ఆలూరు దిక్కమ్మా. ఎర్రనేల, నల్లనేల పక్కపక్కనే ఉంటాయి. రెండింటి మీదా ఒకే వాన పడుతుంది. ఎర్రనేల గంటలో వంపేస్తుంది, నల్లరేగడి పట్టుకొని వారం దాకా కాలు పెట్టనీయదు. మీ ఇంటివాళ్ళ ఒళ్ళు ఈ లోహాన్ని నల్లరేగడిలాగ పట్టుకుంటుందేమో. పరీక్షలు చేస్తే గానీ కచ్చితంగా చెప్పలేను. అది నేల తప్పు కాదు, వాన తప్పూ కాదు. నల్లరేగడని తెలిసీ నీళ్ళు వదిలితేనే తప్పు.”

నేను గోడ మీది గడియారం వైపు చూస్తూ కూర్చున్నాను.

బామ్మర్ది తల స్కానింగులో మెదడు లోపల, రెండు వైపులా, తెల్లగా రెండు మచ్చలు కనబడ్డాయి. మసకబారిన ఆ చిత్రంలో అవి రేకు బొక్కల్లోంచి వచ్చే వెలుగులాగే ఉన్నాయి. లోహం చేరినచోట అట్లా మెరుస్తుందన్నాడు డాక్టరు. మామకు జరిగిన చేటు ఇక బాగయ్యేది కాదు. ఇతనికి ఇంకా తొలిదశే, ఈ రోజు నుంచే పొగకు దూరమైతే ఆ మచ్చలు వాడిపోవచ్చు, వణుకు తగ్గవచ్చు. ఖాయమని మాత్రం అనలేదు. ఏటా వచ్చి చూపించుకోమన్నాడు.

తిరుగు ప్రయాణంలో కొండలు ఎడమవైపుకు మారి మాతో వచ్చాయి. పనిలోకి నా అంగడికి రమ్మని మా బామ్మర్దిని అడిగాను. రాలేదు. కమలాపురంలోనే వేరే ఆయన దగ్గర తోటల్లో డ్రిప్ లైన్లు పరిచే పనికి కుదిరాడు. నా పోటీవాని దగ్గర. సంతోషించాను. షెడ్డు కొత్త యజమానిని అడిగి వెనక రేకు నేనే విప్పాను. తుప్పు పట్టిన మేకులు ఒక పట్టాన రాలేదు. రేకు పడగానే గాలి దూరి పొగ ఒక్కసారిగా పక్కకు ఒరిగింది. అంతసేపే పట్టే పని అది.

అప్పటి నుంచి నాకొక కల వస్తోంది. పసుపు కళ్ళం నిండా కొమ్ములు ఆరబోసి ఉంటాయి. పైనుంచి నల్లపొడి మెల్లగా, చప్పుడు లేకుండా రాలుతూ ఉంటుంది. మామ నన్ను భుజం మీద ఎక్కించుకొని ఆ కళ్ళంలో నడుస్తుంటాడు. కిందికి దిగి ఆ పొడి తుడవాలని నాకు తెలుసు. దిగను. ఆయన భుజం మీద మరీ హాయిగా ఉంటుంది.

ఈ యేడు పీర్ల పండుగ చివరి రోజున, సాయంత్రం పీర్లు ఏటికి పోయే వేళకు నేనూ పోయాను. మామను కుర్చీలో కూర్చోబెట్టి చావిడి ముందుకు తెచ్చారు. పక్కన కోడలు చంటిబిడ్డతో నిలబడింది. మా బామ్మర్ది తలకు గుడ్డ చుట్టుకొని, పెద్ద పీరు కర్ర పట్టుకొని, కళ్ళు మూసుకున్నాడు. తప్పెట్లు ఆగాయి. పోయినేడు ఇదే క్షణంలో అతని చేతుల్లో గంటలు గణగణ మోగాయని అందరికీ గుర్తే.

పీరు లేచింది. పట్టుగుడ్డలు నిలువుగా వేలాడుతున్నాయి. నేను అతని వేళ్ళనే చూస్తున్నాను. ఒక అంచు కదిలింది. గాలే. గంటలు మోగలేదు. జనం కొంచెంసేపు ఎదురుచూసి ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఇన్ని తరాల్లో ఆ ఇంట్లో ఎప్పుడూ ఇట్లా కాలేదని ఎవరో గొణిగారు.

“ఈ యేడు సవారి రాల్యాదేమప్పా,” అన్నాడొక ముసలాయన, దిగులుగా.

“రాకపోతే పాయ,” అంది అత్త.

గట్టిగానే అంది. మామ తల ఆమె వైపు తిరిగింది. ఆ ముఖంలో నవ్వు ఎక్కడుంటుందో ఇప్పుడు నాకు తెలుసు కాబట్టి, కళ్ళ కొసన వెతికి చూశాను. ఉంది.

పీరు ఏటి ఇసుకలోకి దిగి పోయింది. మా బామ్మర్ది నిదానంగా, మడమలు ఇసుకలో దిగబడేలా అడుగులు వేస్తూ నడిచాడు. తిరిగివచ్చినాక అత్త అందరికీ మలీదా పంచింది, రొట్టెలు నలిపి బెల్లం కలిపి చేసే ప్రసాదం. వరసలో నా వంతు వచ్చింది. ఆమె ఒక ఉండ తీసి నా చేతిలో పెట్టింది.

“తీసుకోండి సార్,” అంది.

బెల్లం ఎక్కువే వేసింది. అక్కడే నిలబడి, మొత్తం తిన్నాను.